అరగంట ప్రభుత్వం

ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది, అందుకే చల్లారకముందే రాసేస్తున్నా.

మాది ఉదయగిరి వైపు పల్లె. ఊరికీ టవరుకీ మధ్య కొండ అడ్డం. కరెంటున్నంతసేపూ ఫోన్లో రెండు గీతలు కనపడతాయి. కరెంటు పోయిందా, కాసేపటికి టవరు బ్యాటరీ కూడా చేతులెత్తేస్తుంది. అప్పుడు రేషన్ డీలరు ఈ-పోస్ మిషన్ చంకన పెట్టుకుని వాటర్ ట్యాంకు మెట్లెక్కుతాడు. కింద క్యూలో నిలబడ్డ ముసలమ్మల్ని ఒక్కొక్కరినే పైకి పిలిచి వేలిముద్ర వేయిస్తాడు. ఇది చూడలేక మా సర్పంచి, వరసకు నాకు బావ, పంచాయతీ లెటర్‌హెడ్ మీద అర్జీ రాయించి నా చేతిలో పెట్టాడు. "నెల్లూర్లో ఆ ఫోన్ కంపెనీ వాళ్ళది మీటింగంట. నువ్వెట్టా ఖాళీయే గదా, ఇచ్చేసిరా" అన్నాడు. బస్సెక్కా.

హోటల్ హాలు గుమ్మంలో టై కట్టుకున్న కుర్రాడు "ఎక్కణ్ణుంచి సార్?" అన్నాడు. "పంచాయతీ నుంచి" అన్నా. అందులో అబద్ధమేముంది? కుర్రాడి నడుం రెండుగా వంగింది. ఏదో పట్టీలో సంతకం పెట్టించుకున్నాడు. కళ్ళు మూసి తెరిచేలోగా ముందు వరసలో, తెల్లగుడ్డ తొడిగిన కుర్చీలో ఉన్నా. ఎదురుగా జీడిపప్పు ప్లేటు. భుజాల మీద శాలువా. ఫొటోగ్రాఫరు "సార్ ఇటు, సార్ కొంచెం నవ్వు" అంటున్నాడు.

పక్కన ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దమనిషి. రెగ్యులేటరీ అఫైర్స్ హెడ్ అంట. సర్కారుతో మాట్లాడ్డమే ఆయన ఉద్యోగమని కుర్రాడు చెవిలో ఊదాడు. నాకు కడుపు రగిలింది. నేను ఫోన్ చేస్తే తెలుగుకి ఒకటి నొక్కు, బిల్లుకి రెండు నొక్కు, మళ్ళీ మొదటికి రావాలంటే స్టార్ నొక్కు అంటుంది మిషను. సర్కారుకి మాత్రం సూటేసిన మనిషిని పెట్టారు!

ఆయన ట్యాబ్ తెరిచి స్లైడ్లు జరపడం మొదలెట్టాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పడం, కుర్రాడు తెలుగులో దింపడం. లైసెన్సు ఫీజులు మోయలేకపోతున్నామని ఫోన్ కంపెనీలంటే 1999లో కొత్త టెలికాం పాలసీ వచ్చిందంట, ఆదాయంలో వాటా ఇస్తే చాలన్నారంట. కౌలు మోయలేకపోతున్నా అన్నోడికి మా ఊళ్ళో ఇంకో కౌలుదారు వస్తాడు గానీ పాలసీ రాదు. ఆ తర్వాత అసలు ఆదాయం అంటే ఏదేది అని ఏళ్ళ తరబడి తగువు. 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు సర్కారు లెక్కే రైటంది. రెండేళ్ళు తిరక్కముందే, 2021లో, బకాయిలకు నాలుగేళ్ళ మారటోరియం, అంటే వాయిదా. నా బిల్లు గడువు దాటితే మర్నాడే అవుట్‌గోయింగ్ ఆపేస్తారు.

ఇంకో స్లైడు. కాల్ మధ్యలో కట్టయితే రూపాయి, రోజుకు మూడు రూపాయలు దాటకుండా, కస్టమరుకి ఇవ్వమని 2015లో ట్రాయ్, అంటే ఫోన్ కంపెనీల మీద సర్కారు పెట్టిన నియంత్రణ సంస్థ, అంది. కంపెనీలు కోర్టుకెళ్ళాయి, 2016 మేలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇది చెబుతున్నప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. బయట రేట్ల కోసం జుట్లు పట్టుకునే కంపెనీలు సర్కారు గుమ్మం తొక్కేటప్పుడు మాత్రం ఒక్కటే, 1995 నుంచీ వాటికి సంఘం ఉంది. మా ఊరి నుంచి నేనొక్కణ్ణే వచ్చా, ఆర్టీసీ బస్సులో.

"ట్రాయ్ ఏం మార్చాలన్నా ముందు సంప్రదింపుల పత్రం పెడుతుంది సార్, ఎవరైనా అభిప్రాయం పంపొచ్చు" అన్నాడు కుర్రాడు.

"మా ఊరోళ్ళు కూడానా?"

"తప్పకుండా సార్. ఆన్‌లైన్లో పెడతారు."

నేనింకేం మాట్లాడలేదు, ఒక జీడిపప్పు తీసుకున్నా.

ఇక అసలు తంతు. పెద్దమనిషి పెన్ను తీసి, "మీ వైపు నుంచి ఇబ్బందులేమన్నా ఉన్నాయా?" అని అడిగించాడు. ఎన్నేళ్ళకు అడిగాడు మహానుభావుడు!

"మా వైపు సిగ్నలే లేదండీ" అన్నా.

కుర్రాడు ఇంగ్లీషులో ఏదో అన్నాడు, ఆయన రాసుకున్నాడు, కుర్రాడు నాకు చదివి వినిపించాడు: "అదనపు టవర్లకు ప్రభుత్వం సుముఖం."

"అయ్యా, నేను చెప్పేది అది కాదు. కరెంటు పోతే టవరు కూడా పోతా ఉంది."

"టవర్లకు విద్యుత్ రాయితీ అవసరాన్ని ప్రభుత్వం గుర్తించింది."

"నాయనా, మధ్యలో కొండ అడ్డం. అది ఫారెస్టోళ్ళది."

"అటవీ అనుమతుల సరళీకరణపై సానుకూల స్పందన."

ఆయన ఉత్సాహం పట్టలేక నా మోకాలి మీద తట్టాడు. రేడియేషన్ గురించి జనం భయపడుతున్నారా, మన దేశంలో 2012 నుంచి పరిమితి అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతేనని చెప్పండి అన్నాడు. "భయపడేదానికైనా ముందు రావాల గదా సామీ" అన్నా. "రేడియేషన్‌పై ప్రజల్లో అపోహలు లేవు." అదీ రాసుకున్నారు.

నాకు పట్టుదలొచ్చింది. ఈసారి ఎట్టా తిప్పుతారో చూద్దామని, "ముసలోళ్ళు వాటర్ ట్యాంకెక్కి వేలిముద్రలేస్తున్నారండీ, కాలు జారితే ఎవురిది బాధ్యత?" అన్నా, గొంతు పెంచి. కుర్రాడు తటపటాయించాడు. పెద్దమనిషి కళ్ళజోడు పైకి తోసుకుని, కాసేపు పైకప్పు వైపు చూసి, నింపాదిగా రాశాడు. "ఎత్తయిన ప్రభుత్వ కట్టడాలపై యాంటెన్నాల ఏర్పాటుకు ప్రతిపాదన." అండర్‌లైన్ కూడా చేశాడు.

చేసేదిలేక అర్జీ తీసి చేతిలో పెట్టా. లెటర్‌హెడ్, గుండ్రటి స్టాంపు, సర్పంచి సంతకం చూశాడు. లోపలి తెలుగు చూడలేదు. "ఎన్‌వోసీ!" అని, అంటే మాకు అభ్యంతరం లేదని ఇచ్చే కాయితం అనుకుని, లేచి నిలబడి నా చేయి ఊపేశాడు. 2023 టెలికాం చట్టం కింద రైట్ ఆఫ్ వే, అంటే టవర్లకీ కేబుళ్ళకీ చోటిచ్చే నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి గానీ, అడక్కుండానే కాయితం తెచ్చిచ్చిన పంచాయతీని ఇప్పుడే చూస్తున్నానన్నాడు. అర్జీ బ్యాగులో పెట్టి జిప్పు లాగేశాడు.

అప్పుడొచ్చాడు అసలు అధికారి, వెనకాల డఫేదారుతో.

శాలువాలు ఎన్ని తెచ్చారో తెలుసా? ఒకటి. గుమ్మంలో కుర్రాడి మొహం పాలిపోయింది. వేదిక మీద మైకులో "ఇప్పుడు గౌరవనీయులైన" అంటున్నారు. కుర్రాడు నా వెనక్కొచ్చి వంగి, "సార్, ఒక్క నిమిషం" అంటా శాలువాని మెల్లగా లాగుతున్నాడు. దాని జరీ కుచ్చు నా చొక్కా గుండీకి చుట్టుకుంది. వాడు లాగేకొద్దీ నేను కుర్చీతో సహా వెనక్కి పోతున్నా. ఫొటోగ్రాఫరు అలవాటు చొప్పున కొడుతూనే ఉన్నాడు. చివరికి గుండీ తెగింది. గుండీ వేలాడుతున్న ఆ శాలువాని, నా ఒంటి వెచ్చదనం తగ్గకముందే, ఆయన భుజాల మీద కప్పారు. ఆయన కూడా నవ్వాడు.

నన్ను ఆఖరి వరసకు పంపి, వినియోగదారుల పట్టీలో ఇంకో సంతకం తీసుకున్నారు. అర్జీ సంగతి అడిగితే ఫిర్యాదులకు 198కి చేయండన్నారు.

మొన్న ఆత్మకూరులో ఉండగా ఆ కుర్రాడే ఫోన్ చేశాడు. "మినిట్స్ టైపు చేస్తున్నాం సార్, మీ హోదా ఏం రాయమంటారు?"

"నీకు దండం పెడతా అబ్బయ్యా, ముందు మా కాయితం వెనక్కి పంపించు. మా బావ చంపుతున్నాడు."

"అది ఫైల్లో పెట్టేశారు సార్" అన్నాడు.