మెజెంటా హెడ్ సాక్షిగా

నల్లగొండ జిల్లా రాజకీయ చరిత్ర రాయబోయే పండితులకు ఒక మనవి. పాత పేపర్లు, ఎన్నికల లెక్కలు తర్వాత తిరగెయ్యొచ్చు. ముందుగా ఎవరైనా అమ్మకానికి పెట్టిన సెకండ్ హ్యాండ్ ఫ్లెక్స్ మిషన్ దగ్గరికి వెళ్లండి. మూత ఎత్తి, ఇంకు చిమ్మే హెడ్లలో ఏ రంగు హెడ్ ఎన్నిసార్లు మార్చారో అడగండి. అంతకన్నా నిజాయితీ గల సాక్షి మీకు దొరకడు.

మిషన్‌లో ఉండేవి నాలుగే రంగులు: సయాన్, మెజెంటా, యెల్లో, బ్లాక్. గులాబీ జెండా కొట్టాలంటే మెజెంటా కావాలి. కాషాయ జెండాకు మెజెంటాలో యెల్లో కలవాలి. చేతి గుర్తు పార్టీ మూడు రంగుల్లో పైన ఉండేదానికీ అదే లెక్క. సయాన్‌ది ఆకాశం, చెరువు నీళ్లు, అంబేద్కర్ జయంతి. బ్లాక్‌ది శ్రద్ధాంజలి. మా జిల్లాలో అన్ని పార్టీలూ కలిసిమెలిసి పనిచేసిన చోటు ఒక్కటే, మెజెంటా హెడ్. 2022 నవంబర్ 3న మునుగోడు ఉప ఎన్నిక జరిగింది కదా, అంతకు ముందు నెల రోజులు అందరూ కలిసి దాన్ని పిండిన పిండుడు ఇంతా అంతా కాదు.

ఈ జ్ఞానం నాకు మిషన్ కొన్నాక వచ్చింది. కొనకముందు వచ్చి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

నేను ఎనామిల్ డబ్బా, బ్రష్షు పట్టుకుని బోర్డులు రాసిన కాలం మనిషిని. తర్వాత అందరిలాగే కంప్యూటర్, ‘అను’ తెలుగు ఫాంట్లు. డిజైన్ నాది, ప్రింటు ఇంకొకరిది. గడియారం చౌరస్తాకు కొంచెం లోపల ఒక మడిగె కిరాయికి తీసుకుని, ఉన్నంతలో నడుపుకుంటున్నాను. సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లోనే అయిపోయింది. ఎన్నికలు ఇవాళ, రేపు అంటూ ఏడాది దాటింది. ఊళ్లలో ప్రజాస్వామ్యం కోసం ఎవరు ఎంత బాధపడ్డారో తెలియదు గానీ, ఫ్లెక్స్ షాపుల వాళ్లు పడ్డంత ఎవరూ పడలేదు.

2025 మే నెలలో మా బామ్మర్ది వచ్చి కూర్చున్నాడు. “బావా, ఎన్నొద్దులు మంది మిషన్ మీద కొట్టిస్తవ్? పంచాయతీ ఎలక్షన్లు రానే వస్తున్నయ్. ఒక్క సీజన్‌కు పైసలు లేస్తయ్” అన్నాడు. బామ్మర్ది చెప్పిన లెక్కలో ఖర్చుల కాలమ్ ఉండదని పెద్దలు ఎక్కడా రాసి పెట్టకపోవడం మన సాహిత్యానికి తీరని లోటు.

65వ నంబర్ హైవే పక్కన ఒక ఊళ్లో మిషన్ ఉందన్నారు. పది ఫీట్ల మిషన్, నాలుగు కోనికా హెడ్లు. చెప్పిన ధర 4,20,000 రూపాయలు. అమ్మేవాళ్ల భాషకు వేరే వ్యాకరణం ఉంటుందని అక్కడే తెలిసింది. “ఒక్క చేతి మీద నడిచిన మిషన్ అన్నా” అంటే చెయ్యి ఒక్కటే, ఆ చేతిలో ఎప్పుడూ స్క్రూడ్రైవరే ఉండేదని అర్థం. “జర క్లీనింగ్ చేసుకుంటే చాలు” అంటే హెడ్‌కు సిరంజి పెట్టి సాల్వెంట్ ఎక్కించీ ఎక్కించీ వాళ్ల బొటనవేళ్లు కాయలు కాశాయని అర్థం. “మునుగోడు ఎలక్షన్ చూసిన మిషన్” అన్నది మాత్రం గొప్పగా చెప్పాడు. యుద్ధం చూసిన గుర్రం కదా అని నేనూ మురిసిపోయాను.

మేం పోయేసరికే మిషన్ ఆన్‌లో ఉంది. పొద్దుటి నుంచి నడిపించి వేడి చేసి పెట్టారు. హెడ్‌లో ఇంకు చిమ్మే సన్న రంధ్రాలు, అంటే నాజిళ్లు, పనిచేస్తున్నాయో లేదో చూపే టెస్ట్ కాగితం కూడా తయారుగా ఉంది. అది ఏ రోజు తీసిందో అడగడం మర్యాద కాదనిపించింది. ఒక్కో హెడ్‌కు 512 నాజిళ్లు, నాలుగింటికి 2,048. కాగితం మీద మెట్లమెట్లుగా పడాల్సిన సన్న గీతల్లో అక్కడక్కడా మెట్టు లేదు. అడిగితే, “పక్క నాజిల్ ఆ పని చూసుకుంటది అన్నా” అన్నాడు. ఓటరు లిస్టులోనూ అంతే కదా, పోయినవాళ్ల పని ఎవరో ఒకరు చూసుకుంటారు.

అసలు దెబ్బ తర్వాతది. “ప్రింట్ చూస్తరా?” అని యాదగిరిగుట్ట లక్ష్మీనరసింహస్వామి బొమ్మ కొట్టాడు. ఒళ్లంతా బంగారం, మెడ నిండా దండలు, వెనక దీపాలు. మిషన్‌లో లోపం తెలియాలంటే ఖాళీ రంగు కొట్టించాలి. లేత గులాబీయో లేత నీలమో ఒక గజం వేయిస్తే ఎక్కడ చారలు వస్తున్నాయో గుడ్డివాడికి కూడా కనిపిస్తుంది. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా ఎట్లా అడగను? బామ్మర్ది చెప్పులు విడిచి నిలబడ్డాడు. స్వామి మొహం మీద గీత ఉందని ఏ నోటితో అంటాను? దండం పెట్టుకుని 3,80,000కు ఖాయం చేసుకున్నాం.

మిషన్‌తో పాటు ఒక పాత కంప్యూటర్ ఇచ్చారు. దానికి నెట్ పెట్టొద్దు, అప్‌డేట్ చెయ్యొద్దు, దుమ్ము కూడా తుడవొద్దన్నారు. పసుపు దారం కట్టిన డాంగిల్, అంటే కంప్యూటర్‌కు గుచ్చే తాళంచెవి లాంటి ముక్క, చేతిలో పెట్టి, ఇది పోతే మిషన్ ఇనుప సామాను కిందికే పోతుందని చెప్పారు. మొత్తం అమ్మకంలో వాళ్లు చెప్పిన పూర్తి నిజం అదొక్కటే.

డీసీఎంలో నల్లగొండ చేరాక ఇంకో సత్యం తెలిసింది. మడిగె వెడల్పు పది ఫీట్లు, మిషన్ పొడవు పదిహేను దాటింది. నిలువుగా పెడితే పట్టింది గానీ, ఇంక దేనికీ చోటు లేదు. గల్లాపెట్టె బయటికొచ్చింది, దాని వెనకాల నేనూ బయటికొచ్చాను. లోపల మిషన్‌కు ఏసీ, బయట నాకు నల్లగొండ మే నెల ఎండ. ఎర్తింగ్ లేకపోతే మిషన్ లోపలి కరెంటు బోర్డు కాలుతుందంటే షాపు పక్కన గుంత తవ్వించి ఉప్పు, బొగ్గు నింపి నీళ్లు పోస్తున్నాను. పక్క మడిగె ఆయన చాలాసేపు చూసి, “ఎవరి మీద చేస్తున్నవన్నా?” అని మెల్లగా అడిగాడు.

హెడ్ రెండు రకాలుగా చస్తుంది. ఎక్కువ నడిపితే అరిగి చస్తుంది, నడపకపోతే ఇంకు ఎండి చస్తుంది. మునుగోడులో మొదటి చావు సగం చచ్చింది, నా దగ్గర రెండో చావు మొదలైంది. ఆర్డర్లు లేని రోజు కూడా పొద్దున్నే ఒక పట్టీ కొట్టాలి. అట్లా ‘ఇచ్చట ఫ్లెక్సులు ప్రింట్ చేయబడును’ అని కొట్టీ కొట్టీ, ఆ ముక్కలు మా వీధిలో సగం ఇళ్ల బండ్ల మీద కవర్లయ్యాయి.

చివరికి ఎన్నికలు వచ్చాయి. 2025 డిసెంబర్ 11, 14, 17, మూడు విడతలు. పార్టీ గుర్తుల్లేని ఎన్నికలు కదా, మెజెంటాకు ఇంక సెలవే అనుకున్నాను. సర్పంచ్ బ్యాలెట్ గులాబీ రంగని, వార్డు మెంబర్‌ది తెలుపని అప్పుడు గుర్తుకు రాలేదు.

ఉంగరం గుర్తు వచ్చిన ఒక అభ్యర్థి తెలివైనవాడు. వెనకాల లేత గులాబీ నింపి, మధ్యలో తన ఫొటో, గుర్తు, కింద ‘ఈ రంగు కాగితం మీదనే ఉంగరానికి ఓటు’ అని రాయమన్నాడు. మొదటి ఫ్లెక్స్ బాగానే దిగింది. రాత్రి పదకొండు గంటలకు రెండోది పెట్టి, చాయ్ తాగొచ్చేసరికి అయిపోయింది. వాళ్ల పిల్లగాడు చుట్టుకుని బండి మీద పట్టుకుపోయాడు. తెల్లారి ఏడింటికి ఫోన్.

“అన్నా, నేను సర్పంచ్‌కు నిలబడ్డ. నువ్వు నన్ను వార్డు మెంబర్‌ను చేసినవ్.”

పోయి చూస్తే చౌరస్తాలో తెల్లటి ఫ్లెక్స్. మొహం కామెర్లు వచ్చినట్టు పచ్చగా ఉంది. బ్లాక్ మాత్రం ఏ లోపం లేకుండా ‘ఈ రంగు కాగితం మీదనే’ అని నల్లగా చెబుతోంది.

మెకానిక్ వచ్చి చూసి, మెజెంటా హెడ్ పోయిందన్నాడు. కొత్తది ఎంతో చెప్పాడు. బామ్మర్ది ఫోన్ ఎత్తట్లేదు. హెడ్ వేయించే లోపల కంప్యూటర్‌లో అక్కరలేని ఫైళ్లన్నీ తీసేసి సర్దుతున్నాను. ఆ నరసింహస్వామి ఫైల్ ఒక్కటి మాత్రం అట్లాగే ఉంచాను.