ఒక్క పరుగు గారికి ఒక అభిమాని ఉత్తరం

మహారాజశ్రీ ఒక్క పరుగు గారి సముఖమునకు,

సియాటెల్ మారినర్స్ బేస్‌బాల్ జట్టు అభిమాని నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఉత్తరం అలాగే మొదలుపెట్టాలని నాన్న నేర్పాడు కాబట్టి రాశాను గానీ, ఇందులో ఉభయం ఏమీ లేదండీ. కుశలం మీ ఒక్కరిదే. మీ మకాం ఎప్పుడూ అవతలివాళ్ల ఇంట్లోనే. అక్కడ వంట బాగుంటుంది కాబోలు.

మీకు గుర్తుందో లేదో, మన తొలి పరిచయం ఉప్పల్‌లో. 2019 మే 12, ఐపీఎల్ ఫైనల్. ఆఖరి బంతికి చెన్నైకి 2 పరుగులు కావాలి. మలింగ వేశాడు, శార్దూల్ ఠాకూర్ కాలికి తగిలింది, అంపైర్ వేలెత్తాడు. ముంబై 149, చెన్నై 148. నేను పసుపు టీషర్టులో నిలబడినచోటే నిలబడిపోయాను. బయటికొస్తుంటే పక్కనున్న పెద్దాయన నా భుజం తట్టి, "రెండేళ్ల కింద ఇదే గ్రౌండ్‌ల పుణె గూడ ముంబై మీద ఒక్క పరుగుతోనే పోయింది తమ్మీ" అన్నాడు. ఓదార్చాడో, భయపెట్టాడో ఇప్పటికీ తెలీదు. 2017 ఫైనల్, 129కి 128. ఇంటికొచ్చి లెక్క సరిచూసుకున్నాను. ఆయన చెప్పింది నిజమే.

2021లో ఉద్యోగం మారి సియాటెల్ వచ్చాను. సముద్రాలు దాటాం కదా, ఈ ఒక్క పరుగు పీడ వదిలిందనుకున్నాను. మీరు వీసా కూడా లేకుండా నా వెనకాలే దిగారు. దిగి దిగి ఏ జట్టు దగ్గర దిగారూ? బేస్‌బాల్‌లో అన్నిటికంటే పెద్దదైన మేజర్ లీగ్‌లో 30 జట్లున్నాయి. వాటిలో వరల్డ్ సిరీస్, అంటే ఛాంపియన్‌ని తేల్చే ఆఖరి సిరీస్, గడప ఒక్కసారైనా తొక్కనిది ఒకే ఒక్కటి, మా మారినర్స్. 1977లో పుట్టింది. 2001లో ఒకే సీజన్లో 116 మ్యాచ్‌లు గెలిచి కూడా గడప బయటే ఆగింది. ఆ తర్వాత 21 ఏళ్లు ప్లేఆఫ్స్ మొహమే చూడలేదు. అలాంటి ఇంటికి నేను కోరి దత్తత వెళ్లాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

ఈ ఉత్తరం మా ఊళ్లోవాళ్లు కూడా చదువుతారు కాబట్టి మీ గురించి రెండు ముక్కలు చెప్పాలి. క్రికెట్‌లో మీరు చవక. కాలిపక్కకి తట్టి అటునుంచి ఇటు ఉరికితే వచ్చేస్తారు. ఇక్కడ అలా కాదు. ఒక్కో జట్టుకి 9 ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి ముగ్గురు అవుటయ్యేదాకా బ్యాటింగ్. బంతి కొట్టిన మనిషి మొదటి బేస్, రెండో బేస్, మూడో బేస్ చుట్టి మళ్లీ మొదలుపెట్టిన చోటికే రావాలి. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు. గుడి చుట్టూ ప్రదక్షిణ అనుకోండి. తేడా ఏంటంటే, గుడిలో ముప్పావు ప్రదక్షిణ చేసి కాళ్లు నొప్పులని కూర్చున్నా దేవుడు ఎంతో కొంత పుణ్యం జమ వేస్తాడు. ఇక్కడ మూడో బేస్ దగ్గర ఆగిపోయినవాడికి దక్కేది సున్నా. మా వాళ్లు ఆ మూడో బేస్ దగ్గరికి రావడంలో ఆరితేరినవాళ్లు. నడుం మీద చేతులు పెట్టుకుని, ఆఖరి 90 అడుగుల వంక అలా చూస్తూ నిలబడతారు. ఏనుగు వెళ్లింది, తోక చిక్కింది అనే సామెత వాళ్లని చూసే పుట్టినట్టుంటుంది.

ఇంట్లో ఉన్నప్పుడు మీరు బాగానే ఉంటారు, అది కూడా చెప్పాలి. నేను వచ్చిన ఏడాది మీరు మా ఇంట్లోనే ఉన్నారు. మీ తేడాతో తేలిన మ్యాచ్‌లు ఆ ఏడాది 52. అందులో 33 గెలిచాం, 19 ఓడాం. ఏడాది మొత్తం కూడితే మేం చేసిన పరుగులకంటే మా మీద అవతలివాళ్లు చేసినవే 51 ఎక్కువ, అయినా 90 మ్యాచ్‌లు గెలిచాం. అరువు తెచ్చిన నగలతో పెళ్లి చేసినట్టన్నమాట. లెక్కల పండితులు అప్పుడే హెచ్చరించారు, ఇది ప్రతిభ కాదు నాయనా, బొమ్మా బొరుసూ అని. మేం వినలేదు. బొమ్మ పడుతున్నంతసేపు ఎవడు వింటాడు?

ఇక 2022. ఈ ఏడాది గురించి మీతో తీరిగ్గా మాట్లాడాలి.

సెప్టెంబర్ 30న మా కాల్ రాలీ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఆఖరి అవుట్ దగ్గర హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటిది, బేస్‌ల మీదున్నవాళ్లంతా చుట్టి వచ్చేస్తారు) కొట్టి, ఓక్లాండ్ మీద 2-1తో గెలిపించి, 21 ఏళ్ల శాపం తీర్చాడు. తేడా మీరే. వారం తిరిగేసరికి టొరంటోలో ప్లేఆఫ్ మ్యాచ్. 8-1తో వెనకబడ్డాం. ఇక్కడ సియాటెల్‌లో అదృష్టం తిరగాలని జనం బూట్లు విప్పి నెత్తిన పెట్టుకున్నారు. పెద్దవాళ్లు, ఉద్యోగస్తులు, నిజంగానే. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మా క్రాఫర్డ్ గాల్లోకి లేపిన బంతి కోసం వాళ్ల ఫీల్డర్లిద్దరూ పరిగెత్తి గుద్దుకున్నారు. అందులో ఒకాయన జార్జ్ స్ప్రింగర్. ఆయన్ని బండి మీద బయటికి తీసుకెళ్లారు. బంతి నేలను పడింది, స్కోర్లు సమమయ్యాయి. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో గెలిచేశాం. 10-9. మళ్లీ మీరే. ఈ స్ప్రింగర్ పేరు గుర్తుపెట్టుకోండి. మేం మర్చిపోయాం.

ఆ తర్వాత హ్యూస్టన్ ఎదురైంది. మొదటి మ్యాచ్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్, మేం 7-5. ఇంకొక్క అవుట్. యోర్డాన్ అల్వారెజ్ కొట్టిన బంతి ఎక్కడ పడిందో నేను చూడలేదు, కళ్లు మూసుకున్నాను. 8-7. మీకు మా ఇల్లు అప్పటికే బోర్ కొట్టిందన్నమాట.

మూడో మ్యాచ్ మా ఊళ్లో. అక్టోబర్ 15. హన్మకొండలో నాన్న పడుకోబోతూ ఫోన్ చేస్తే "స్టేడియంకి బయల్దేరుతున్నా" అన్నాను. ఆయన పడుకున్నాడు. తెల్లారి లేచి, టీ తాగి, పేపర్ మొదటి పేజీ నుంచి సినిమా పేజీ దాకా చదివి మళ్లీ ఫోన్ చేశాడు. నేనింకా అదే సీట్లో ఉన్నాను. "ఇంక అయిపోలేదారా?" "లేదు నాన్నా." "స్కోరెంత?" "సున్నా సున్నా." కాసేపు మాట్లాడలేదు. "ఏమన్న తిన్నవా?" అని పెట్టేశాడు. 9 ఇన్నింగ్స్‌లో అయిపోవాల్సిన ఆట 18 దాకా సాగింది. 6 గంటల 22 నిమిషాలు. రెండు జట్లూ కలిపి 42 స్ట్రైకౌట్లు, అంటే బంతిని కొట్టలేక అవుటవడాలు. ఏడో ఇన్నింగ్స్‌లో జనమంతా లేచి పాడే పాట ఒకటుంటుంది, దాన్ని పద్నాలుగో ఇన్నింగ్స్‌లో మళ్లీ పాడాం. మా పిచ్చర్లు, అంటే మన బౌలర్ల లాంటివాళ్లు, ఒకరి తర్వాత ఒకరు వచ్చి గోడ కట్టినట్టు ఆపారు. 18వ ఇన్నింగ్స్‌లో పెన్యా అనే కుర్రాడు ఒక్కటి కొట్టాడు. ఒక్కటే. 1-0. ఆరు గంటలు మిమ్మల్ని పిలిచి పిలిచి గొంతు పోయినవాళ్లం 47 వేల మందిమి ఉంటే, మీరు వచ్చి నేరుగా అవతలి బెంచీలో కూర్చున్నారు. సిగ్గుగా అనిపించలేదా?

ఆ తర్వాతి రెండేళ్లు మీరు పనితీరు మార్చారు. ఒక్క పరుగు చాలదనుకుని ఒక్క మ్యాచ్ అవతారం ఎత్తారు. 2023లో ఒక్క మ్యాచ్ తేడాతో ప్లేఆఫ్స్ పోయాయి. 2024లోనూ ఒక్క మ్యాచే. మా తెలుగువాళ్లకి ఇది కొత్త కాదులెండి. మీ మేనత్త కూతురు ఒక్క మార్కు గారు ఎంసెట్ రోజుల్లో మా ఇళ్లన్నీ తిరిగారు. ఆవిడ పుణ్యాన ఒక తరం మొత్తం కోరిన కాలేజీకి కాకుండా పక్క కాలేజీకి వెళ్లింది.

2023 సీజన్ అయ్యాక జట్టు వ్యవహారాలు చూసే జెర్రీ డిపోటో గారు విలేకరుల ముందు ఒక సూత్రం సెలవిచ్చారు. పదేళ్ల మీద చూస్తే 54 శాతం మ్యాచ్‌లు గెలిచే జట్లే చివరికి వరల్డ్ సిరీస్ దాకా వెళ్తాయట. ఓపిక పట్టమని అడగడం అభిమానులకి మేలు చేయడమేనట. జనం మండిపడితే తర్వాత క్షమాపణ చెప్పారనుకోండి. నేను మాత్రం కాలిక్యులేటర్ తీశాను. ఆ ఏడాది మేం గెలిచింది 162లో 88. భాగిస్తే 54.3. అంటే సారు గారి సిలబస్ మొత్తం పూర్తి చేసి, పాస్ మార్కులు దాటి కూడా ఇంట్లో కూర్చున్నాం. మిగతా 0.3 శాతాన్ని ఏ ఖాతాలో వేశారో మీరైనా కనుక్కుని చెప్పండి. ఒక మంచి బ్యాటర్ కోసం ఇంకాస్త ఖర్చుపెడితే మిమ్మల్ని ఇంటికి తెచ్చుకోవచ్చు కదా అని సియాటెల్‌లో ప్రతి టీకొట్టులోనూ, అంటే ప్రతి కాఫీ షాపులోనూ, అనుకుంటారు. 2024లో లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువసార్లు స్ట్రైకౌట్ అయిన జట్టు మాదే. పిచ్చర్లు మాత్రం బంగారం. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది.

అసలు విషయానికి వస్తాను.

2025లో మీరు మంచివాళ్లలా నటించారు. రాలీ 60 హోమ్‌రన్లు కొట్టాడు. సెప్టెంబర్‌లో ఒక అభిమాని ఎట్సీ అనే ఆన్‌లైన్ అంగట్లో డబ్బు కట్టి ఎవరో మంత్రగత్తె చేత మంత్రం వేయించాడు, జట్టు వరసగా 10 మ్యాచ్‌లు గెలిచింది. డెట్రాయిట్ మీద 15 ఇన్నింగ్స్ ఆడి 3-2తో గెలిచాం. మా స్టేడియంలో ఆట మధ్యలో చేప వేషాలు వేసుకుని పరిగెత్తే పందెం ఒకటుంది. అందులో ఎప్పుడూ గెలవని హంపీ అనే చేప కూడా ఆ రాత్రే గెలిచింది. చేపే గెలిచాక మేం గెలవమా అనుకున్నాం. టొరంటోతో సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వచ్చింది. గెలిస్తే వరల్డ్ సిరీస్.

ఆ రోజు అక్టోబర్ 20, సోమవారం, దీపావళి. అమ్మ అప్పటికి మా దగ్గరే ఉంది. మా పాపకి ఒక ఆలోచన వచ్చింది. టొరంటోవాళ్లని 27 మందిని అవుట్ చేస్తే గెలుస్తాం కాబట్టి 27 ప్రమిదలు పెడదాం, అవుట్‌కి ఒకటి చొప్పున వెలిగిద్దాం అంది. ఆట మొదలయ్యేటప్పటికి ఇంకా వెలుతురుంది. "పొద్దు గూకకముందే దీపాలేంది? లక్ష్మీదేవి మీ ఆట అయ్యేదాక గుమ్మం కాడ నిలబడుతదా బిడ్డా?" అని అమ్మ గొణిగింది గానీ, నూనె పోసి వత్తులు తనే సర్దింది. పాప టీవీకీ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉంది. ఒకటి, రెండు, మూడు. మా హూలియో రోడ్రిగెజ్ హోమ్‌రన్ కొట్టాడు. రాలీ కొట్టాడు. 3-1. ఏడో ఇన్నింగ్స్‌లో మొదటి అవుట్ పడేసరికి గుమ్మం దగ్గర 19 దీపాలు. మా ఆవిడ ఫోన్లో ఫొటో కూడా తీసింది. ఇంకా 8.

రెండో బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద ఒకడు ఉన్నారు. మా వాళ్లు పిచ్చర్‌ని మార్చారు. ఆఖర్లో వచ్చి మ్యాచ్ ముగించే క్లోజర్ మునోజ్‌ని దించుతారేమో అనుకున్నాను, బజార్డోని దించారు. ఆ నిర్ణయం మీద మా ఊళ్లో ఇంకా పంచాయితీ నడుస్తోంది. బ్యాటింగ్‌కి వచ్చింది ఎవరనుకున్నారు? జార్జ్ స్ప్రింగర్. మూడేళ్ల కింద అదే ఊళ్లో, అదే మైదానంలో బండెక్కి బయటికెళ్లిన స్ప్రింగర్. బంతి ఎడమవైపు జనాల్లో పడింది. ముగ్గురూ ఇంటికొచ్చారు. 4-3.

అప్పుడర్థమైంది నాకు, మీరు వడ్డీ వ్యాపారి అని. 2022లో టొరంటో దగ్గర మేం చేబదులు తెచ్చుకున్న ఒక్క పరుగుని మీరు చిట్టా పుస్తకంలో రాసుకున్నారు. నోటీసు లేదు, వాయిదా లేదు. పండగ పూట గుమ్మంలోకి వచ్చి అసలుతో సహా వసూలు చేసుకున్నారు. వడ్డీ కింద వరల్డ్ సిరీస్ పట్టుకుపోయారు.

తర్వాత ఇంకో 5 అవుట్లు పడ్డాయి, పాప వాటికీ వెలిగించింది. ముందంజలో ఉన్నారు కాబట్టి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బ్యాట్ పట్టాల్సిన అవసరమే టొరంటోకి రాలేదు. హూలియో స్ట్రైకౌట్‌తో మా ఆట అయిపోయింది. గుమ్మం దగ్గర 24 దీపాలు వెలుగుతున్నాయి, 3 ప్రమిదలు అలాగే ఉన్నాయి. పాప అగ్గిపెట్టె పట్టుకుని మా మొహాలు చూస్తోంది. అమ్మ దాని చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని ఆ మూడూ తనే ముట్టించింది. లోపలికొచ్చి ఉప్పూ ఎండుమిరపకాయలూ పిడికిట పట్టి టీవీకి మూడుసార్లు దిష్టి తీసి, పెనం మీద పడేసింది. అర నిమిషంలో స్మోక్ అలారం మోగింది. ఇల్లంతా దగ్గు. కళ్లనీళ్లు వచ్చాయి, మిరపకాయల వల్లే.

టొరంటో ఇంట్లో మీరెన్నాళ్లున్నారు? 12 రోజులు. నవంబర్ 1న లాస్ ఏంజెలెస్‌తో వరల్డ్ సిరీస్ ఆఖరి మ్యాచ్, 11 ఇన్నింగ్స్, 5-4. డాడ్జర్స్ గెలిచారు. నిజం చెప్పొద్దూ, నేను సోఫాలోంచి లేచి చప్పట్లు కొట్టాను. అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"మనోళ్లు గెలిచిన్రా?"

"మనవాళ్లు కాదమ్మా. మనల్ని ఓడించినవాళ్లు ఓడారు."

"ఎంతతోని?"

"ఒక్క పరుగు."

అమ్మ టీవీలో తల దించుకుని నడుస్తున్న ఆ టొరంటో కుర్రాళ్లని కాసేపు చూసింది. "పాపం," అంది. "ఎండుమిరపకాయలింక ఉన్నయా?"

ఇట్లు,
మూడో బేస్ వైపు సీట్లో కూర్చునే మీ విధేయుడు

తా.క.: స్మోక్ అలారం పీకేశామని అనుకునేరు. లేదు. ఈ ఏడు దిష్టి గరాజ్‌లో తీస్తాం. తలుపు తెరిచే ఉంచుతాం, లోపలికి రండి.