వెబ్‌సైట్ మారితే ఇంటి పన్ను రికార్డు పోతుందా?

వారం రోజులుగా మా కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. కాజీపేటలో ఉండే మా మేనమామ కూడా దాన్ని నాకు పంపి, కింద "రేపటికల్లా అన్నీ తీసిపెట్టు బిడ్డా" అని రాశాడు. కార్పొరేషన్, మున్సిపాలిటీ, జిల్లా వెబ్‌సైట్లన్నీ కొత్త ప్లాట్‌ఫామ్‌కు మారుతున్నాయట. మారిన రోజే పాత రికార్డులన్నీ పోతాయట. జనన ధ్రువపత్రాలు, ఇంటి పన్ను రసీదులు ఇప్పుడే డౌన్‌లోడ్ చేసుకోవాలట. మన డేటా విదేశీ కంపెనీల చేతికి వెళ్తోందట, పదివేలతో అయ్యే పనికి కోట్లు పోస్తున్నారట, అసలు ఉద్దేశం సమాచార హక్కును ఎగ్గొట్టడమట. చివర ఒక లింకు, "పది మందికి పంపండి" అన్న మాట.

ఏ ఊరి సైటు, ఏ తేదీన అన్నది మాత్రం ఎక్కడా లేదు.

నేను హనుమకొండలో వెబ్‌సైట్ల పని చేస్తాను. ప్రభుత్వానివి కాదు, కాలేజీలవి, ఆస్పత్రులవి, చీరల షాపులవి. సైట్లను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడం నాకు నెలవారీ పని. కాబట్టి ఒక్కో మాటే తీసుకుంటాను.

"పాత రికార్డులన్నీ పోతాయి."

మెసేజ్‌లో జనాన్ని భయపెట్టిన మాట ఇదే. మున్సిపాలిటీ వెబ్‌సైట్ అంటే ఆఫీసు బయట ఉండే నోటీసు బోర్డు లాంటిది. రిజిస్టరు లోపల ఉంటుంది. పుట్టిన వివరాలు 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద రిజిస్ట్రార్ దగ్గర నమోదవుతాయి. ఇంటి పన్ను లెక్క అసెస్‌మెంట్ నంబరు మీద వేరే డేటాబేస్‌లో ఉంటుంది. ఊరి సైటులో కనిపించే "పన్ను చెల్లించండి" బటన్ మనల్ని అక్కడికి పంపే దారి మాత్రమే. ఏప్రిల్‌లో కడితే వచ్చే 5 శాతం రాయితీ కోసం హడావిడిగా కట్టినవాళ్లు గమనించే ఉంటారు, బటన్ నొక్కగానే మున్సిపల్ పరిపాలన శాఖ వాళ్ల పేజీ తెరుచుకుంటుంది. బోర్డుకు కొత్త రంగు వేస్తే లోపలి బీరువాలో కాగితాలు మాయం కావు.

అయినా జనం ఎందుకు నమ్మారంటే, నాకు అర్థమవుతుంది. మనది భూముల రికార్డుల పోర్టల్ ధరణిని చూసిన ప్రాంతం. 2020 అక్టోబర్ 29న ఆ పోర్టల్ మొదలైనప్పటి నుంచి 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చేదాకా, పేరు కనపడక, నిషేధిత జాబితాలో పడి, సర్వే నంబర్లు పట్టుకుని తహసీల్దార్ ఆఫీసుల చుట్టూ తిరిగిన రైతులు ప్రతి ఊళ్లో ఉన్నారు. "కంప్యూటర్‌లో పోయింది" అనే మాట వాళ్లకు ఊహ కాదు, అనుభవం. కానీ అక్కడ జరిగింది వేరు. ధరణి నోటీసు బోర్డు కాదు, అదే రిజిస్టరు. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన చేసినప్పుడే వివాదాలున్న భూములు పార్ట్-బి అనే వేరే జాబితాలో పడ్డాయి. పాత పహాణీలో, భూమి ఎవరి సాగులో ఉందో చెప్పే అనుభవదారు కాలమ్ కొత్తదాంట్లోకి రాలేదు. సర్వరు మింగేయడం వల్ల ఆ కాలమ్ పోలేదు. దాన్ని తేవద్దని మనుషులు కూర్చుని తీసుకున్న నిర్ణయం అది. అందుకే ఏ మార్పిడిలోనైనా నేను మొదట అడిగేది సర్వరు ఏదని కాదు, ఏది తెస్తున్నారో, ఏది వదిలేస్తున్నారో ఆ జాబితా ఎవరు రాశారని.

"డేటా విదేశీ కంపెనీల చేతికి."

క్లౌడ్ అనగానే అమెరికా గుర్తొస్తుంది కాబట్టి పుట్టిన మాట ఇది. మన జిల్లాల వెబ్‌సైట్లు నడిచేది ఎస్‌త్రీవాస్ అనే ప్లాట్‌ఫామ్ మీద. దాన్ని తయారు చేసింది కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ. ఆ సంస్థ జాతీయ డేటా సెంటర్లు ఢిల్లీ, పుణె, భువనేశ్వర్‌లతో పాటు మన హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. ప్రతి మున్సిపాలిటీ సైటూ అదే ప్లాట్‌ఫామ్ మీద ఉందని అనను. కొన్నింటిని బయటి ఏజెన్సీలు నడుపుతాయి, అలాంటి చోట సర్వరు ఎక్కడుందని అడగడం న్యాయమే. ధరణి విషయంలో అయితే ప్రయాణం తిరగబడింది. ప్రైవేటు కంపెనీ చేతిలో ఉన్న నిర్వహణ 2024 చివర్లో ఎన్ఐసీకి వచ్చింది.

"పదివేల పనికి కోట్లు." ఎన్ని కోట్లో, ఏ టెండరో చెప్పకుండా ఈ మాట అంటే జవాబు ఇవ్వడానికి ఏమీ ఉండదు. పదివేలకు సైటు చేసేవాణ్ని నేనే, చీరల షాపుకు. ప్రభుత్వ సైటుకు, కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గుర్తించిన ఆడిటర్ల భద్రతా తనిఖీ కావాలి, చూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్ కూడా చదవగలగాలి. పాతదాన్ని అలాగే వదిలేయడం కూడా ఉచితం కాదు. చాలా సైట్లకు పునాది అయిన డ్రూపల్ 7 అనే సాఫ్ట్‌వేర్‌కు 2025 జనవరి 5తో అధికారిక మద్దతు ఆగిపోయింది. ఆ తర్వాత బయటపడే కన్నాలను ఎవరు పూడుస్తారు?

"సమాచార హక్కును ఎగ్గొట్టడానికే."

2005 చట్టంలోని సెక్షన్ 4(1)(బి) ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయం 17 అంశాలను ఎవరూ అడగకుండానే బయటపెట్టాలి. ప్లాట్‌ఫామ్ మారితే ఆ బాధ్యత మారదు. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల్లో పాత సమాచారాన్ని ఎలా భద్రపరచాలో చెప్పే ఆర్కైవల్ పాలసీ కూడా ఉండాలి. అది ఉందా, దాన్ని పాటిస్తున్నారా అని అడగొచ్చు. కుట్ర అని అరవడం కంటే ఆ ఒక్క పేజీ దరఖాస్తు బలంగా పనిచేస్తుంది.

మెసేజ్‌లో లేని అసలు నష్టం ఇంకోటి ఉంది. పోయేవి లింకులు. ఒకసారి ఒక కాలేజీ సైటు మార్చినప్పుడు పాత చిరునామాలను కొత్తవాటికి మళ్లించడం నేను మర్చిపోయాను. తప్పు నాదే. ప్రాస్పెక్టస్ మీద ముద్రించిన క్యూఆర్ కోడ్ అడ్మిషన్ల సీజన్ అంతా "పేజీ దొరకలేదు" అని చూపించింది. మన జిల్లాకు ఇది కొత్త కూడా కాదు. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ ముక్కలై అర్బన్, రూరల్ వచ్చాయి. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. పేరు మారినప్పుడల్లా సైటు చిరునామా కూడా మారింది. పాత నోటిఫికేషన్ లింకు దాచుకున్నవాళ్లకు ఆ ఇబ్బంది తెలుసు.

ఇంకా బాధ పెట్టేది తెలుగు పత్రాల సంగతి. ఆఫీసుల్లో ఏళ్ల తరబడి తెలుగు టైపు చేసింది అను ఫాంట్లలో. వాటిని ఇప్పుడు ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదివే యూనికోడ్‌లోకి మార్చకుండా ఎక్కించేస్తే, అక్షరాలు కాపీ చేసినప్పుడు ఇంగ్లిష్ గుర్తుల గజిబిజి వస్తుంది. స్కాన్ చేసిన తీర్మానాలైతే వట్టి బొమ్మలే. ఫైలు సైటులోనే ఉంటుంది, కానీ మీ వీధి పేరు కొట్టి వెతికితే దొరకదు. నాకైతే పోవడమూ దొరకకపోవడమూ ఒకటే. దీని మీద గ్రూపుల్లో ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

"ఈ లింకులో డౌన్‌లోడ్ చేసుకోండి."

ఆ లింకు చూశాను. అది gov.in చిరునామా కాదు. ఎవరో కొనుక్కున్న పేరు, మధ్యలో వరంగల్ అని ఇరికించారు. మొదటి పేజీలోనే ఫోన్ నంబరు, తర్వాత ఆధార్ అడుగుతోంది. రికార్డులు పోతాయన్న భయమంతా ఈ పేజీకి తీసుకురావడానికే అనిపించింది.

మామయ్యకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "లింకు నేను పొద్దుగాలనే నొక్కిన బిడ్డా, ఏమన్నా అయితదా?" అన్నాడు. ఎక్కడిదాకా వెళ్లావని అడిగితే, ఫోన్ నంబరు కొట్టాడట. ఓటీపీ అడిగేసరికి కండ్లద్దాలు దొరకలేదట.