స్లెడ్జి పిడి వదిలి వీడియోలు తీయకండి

చలికాలం సెలవులు దగ్గరపడితే చాలు, ‘మంచులో కుక్కల బండి: అదిరిపోయే ఫోటోలకు ఏడు రహస్యాలు’ అనే వాట్సాప్ సందేశం మళ్లీ తలెత్తుతుంది. ఆ కుక్కల బండి (స్లెడ్జి) ఎక్కడానికి ఫిన్లాండ్‌లోని రోవనియెమికో నార్వేలోని ట్రోమ్సోకో టికెట్లు కొన్న మిత్రులందరూ దాన్ని నాకు పంపుతున్నారు. కొందరు ‘ఇది నిజమేనా?’ అని అడుగుతారు, వారికి సంతోషం. అడగకుండానే పది మందికి పంపేవారి కోసం ఇది రాస్తున్నాను. ఎందుకంటే అందులోని ఒక సలహా ప్రాణాల మీదికి తెస్తుంది.

ముందు చిన్నవాటి సంగతి. బండి లాగే హస్కీ సగం తోడేలు అట. కాదు, కుక్కే. పైగా పర్యాటకుల బండ్లకు కట్టేవాటిలో చాలావరకు క్యాలెండర్లలో కనిపించే గుబురు సైబీరియన్ హస్కీలు కావు. పరుగు కోసమే తరతరాలుగా ఎంచి పెంచిన, బక్కపలచని అలాస్కన్ హస్కీలు. రెండో రహస్యం, 1925లో బాల్టో అనే కుక్క ఒంటరిగా అలాస్కాలోని నోమ్ పట్టణానికి డిఫ్తీరియా మందు చేర్చిందట. నిజానికి ఆ మందును 20 మంది బండివాళ్లు, సుమారు 150 కుక్కలు వంతులవారీగా దాదాపు 1,085 కిలోమీటర్లు మోసుకెళ్లారు. బాల్టో జట్టుది చివరి వంతు. అన్నిటికంటే పొడవైన వంతు లియొన్‌హార్డ్ సెప్పాలా తోలిన, టోగో అనే కుక్క ముందు నడిచిన జట్టుది. మూడోది, అందరికంటే బలమైన కుక్కను ముందు కడతారని. ముందు కట్టేది మాట వినేదాన్ని, దారి పట్టగలదాన్ని. బలమైనవి చివర, బండికి దగ్గరగా ఉంటాయి.

ఇక నాలుగోది. ‘బండి తోలేటప్పుడు ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో చేత్తో సెల్ఫీ వీడియో తీయండి. పట్టు తప్పి పడినా భయం లేదు, శిక్షణ పొందిన కుక్కలు వెంటనే ఆగిపోతాయి.’

ఆగిపోతాయని ఎవరు చెప్పారు? ఈ కుక్కలు పుట్టి పెరిగిందే పరుగు కోసం. తోలేవారు బండి వెనుక, మంచు మీద జారే రెండు పట్టాల కొసల మీద నిలబడతారు. ఆ పట్టాల మధ్య ఇనుప గోళ్లున్న బ్రేకు ఉంటుంది. దాని మీద పాదం వేయగలిగినంతసేపే బండి మన అదుపులో ఉంటుంది. మీరు పడిపోతే కుక్కలకు తెలిసేది ఒక్కటే, బరువు తగ్గిందని. అవి ఇంకా జోరందుకుంటాయి. ముందు దుప్పటి కప్పుకుని కూర్చున్న మీ భార్యకో పిల్లవాడికో ఆ బ్రేకు అందదు. దారిలో పల్లం వచ్చిందనుకోండి. బ్రేకు తొక్కే మనిషి లేని బండి కుక్కలకంటే వేగంగా జారుతుంది. బిగువుగా ఉండవలసిన తాడు వదులై చివరి కుక్కల వెనుక కాళ్లకు చుట్టుకుంటుంది, ఆపైన బండి వాటి మీదికే వెళ్తుంది. బయల్దేరే ముందు ‘ఏం జరిగినా పిడి వదలొద్దు’ అని గైడు పదే పదే చెప్పేది ఇందుకే. బండి ఆగిన తర్వాత కూడా పని తీరదు. బండిని కదలకుండా పట్టి ఉంచే మంచు కొక్కేన్ని పాదంతో తొక్కి లోతుగా దింపాలి, గట్టి మంచు మీద అది ఊడి రావచ్చు కూడా. ఇన్ని పనుల మధ్య ఖాళీగా ఉండే ఆ రెండో చేయి ఏది? ఈ సలహా రాసిన మహానుభావుడు ఒక్కసారైనా ఆ పట్టాల మీద నిలబడ్డాడా?

వీడియో కావాలంటే బండిలో కూర్చున్నప్పుడు తీయండి. చాలాచోట్ల సగం దారిలో స్థానాలు మార్చుకోనిస్తారు. ఫోనును తాడుతో మెడకు కట్టుకోండి.

ఐదోది దీనికి తమ్ముడు: దారి మధ్యలో పడుకుని ఎదురుగా వస్తున్న కుక్కలను తీయమని. బండి ఉన్నచోట ఉన్నట్టు ఆగదు. మిమ్మల్ని చూసి ముందు కుక్క పక్కకు తిరిగితే వెనుకవన్నీ ఒకదాని మీద ఒకటి పడి తాళ్లలో చిక్కుకుంటాయి. గైడును అడిగి, దారికి బాగా ఎడంగా నిలబడి తీయండి. మలుపులో బండి బయటి వైపుకు జారుతుంది, అటు అసలే వద్దు. దూరం నుంచి తీసే లెన్సుతో, మోకాళ్ల మీద కూర్చుని, కెమెరాను కుక్కల కళ్ల ఎత్తుకు దించితే చాలు. షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు ఉంటే పాదాల కింద లేచే మంచు పొడి కూడా విడివిడిగా కనిపిస్తుంది.

ఆరోది లెన్స్ మీద నోటితో ఊది తుడవమంటుంది. ఆ చలిలో మీ ఊపిరి అద్దం మీద మంచు పొరై కూర్చుంటుంది. మెత్తని బ్రష్షు వాడండి. కెమెరాను ఆటోమేటిక్‌లో వదిలేస్తే తెల్లని మంచును బూడిద రంగు చేస్తుంది, వెలుగును (ఎక్స్‌పోజర్‌ను) ఒక స్టాప్, అంటే రెట్టింపు, పెంచండి. వెచ్చని గదిలోకి వెళ్లే ముందు కెమెరాను సంచిలో పెట్టి గట్టిగా మూయండి, లేకపోతే తేమ పడుతుంది.

ఏడోది, ఈ కుక్కలకు చలీ వేడీ తెలియవు కాబట్టి నచ్చితే హైదరాబాదులో పెంచుకోవచ్చట! సున్నా డిగ్రీల చలిలో కూడా పరుగెత్తే హస్కీకి ఒళ్లు వేడెక్కుతుందేమోనని గైడు కనిపెట్టుకుని ఉంటాడు. మే నెలలో నలభై దాటే ఊళ్లో, అపార్ట్‌మెంట్‌లో, కరెంటు పోయిన మధ్యాహ్నం దాని గతేమిటి? చలి కూడా వాటికి తెలుసు. వేళ్ల సందుల్లో మంచు గడ్డకట్టి చర్మం చీలకుండా వాటి పాదాలకు గుడ్డ తొడుగులు వేసేది అందుకే.

సందేశం చివర ఎవరో ‘ఇదంతా హింస’ అని జోడించారు. నేను దీన్ని కొట్టిపారేయను. కొరడాతో కొట్టి పరుగెత్తిస్తారన్న మాట ఉత్తర ఐరోపాలోని లాప్‌లాండ్ పర్యాటక బండ్ల విషయంలో తప్పు. బండికి కడుతున్నప్పుడు అవి ఎగిరెగిరి మొరగడం చూసినవారికి ఆ సంగతి తెలుస్తుంది. కానీ పరుగు లేనప్పుడు గొలుసుకు కట్టేసి ఉంచే చోట్లు చాలా ఉన్నాయి. కెనడాలోని విస్లర్ దగ్గర 2010లో, శీతాకాల ఒలింపిక్స్ తర్వాత బేరాలు తగ్గి, పదుల సంఖ్యలో బండి కుక్కలను చంపి పాతిపెట్టారు. టికెట్టు కొనే ముందు కుక్కలను రోజూ గొలుసు విప్పి వదులుతారా, ముసలివైతే ఎక్కడికి పంపుతారు అని రాసి అడగండి. సూటిగా జవాబు చెప్పని చోట బండి ఎక్కకండి.