దాత పేరు అడిగిన దేశం

ఐస్‌లాండ్ ప్రజల తీరును ఈ శీర్షిక తీవ్రంగా ఖండిస్తోంది. 2014లో ఒక పెద్దమనిషి ముందుకొచ్చి, తలకు 31.8 నాణేలు ఊరికే ఇస్తానంటే, దోసిలి పట్టాల్సింది పోయి "ఇంతకీ తమరెవరు?" అని అడిగారు. వడ్డించేవాడి గోత్రం అడిగితే విస్తరిలో ఏం పడుతుంది?

ఆ నాణెం పేరు అరోరాకాయిన్, బిట్‌కాయిన్ లాగా కంప్యూటర్లలో మాత్రమే ఉండే డబ్బు. దాతగారు పెట్టుకున్న పేరు బాల్డుర్ ఫ్రిగ్యార్ ఓడిన్సన్. అక్కడి పురాణాల్లో ఓడిన్ దేవుడికీ ఫ్రిగ్ దేవతకీ పుట్టిన కొడుకే బాల్డుర్. మన దగ్గర ఒకాయన "శ్రీరాముడు, తండ్రి దశరథుడు, తల్లి కౌసల్య" అని సంతకం పెట్టి చిట్‌ఫండు తెరిచినట్టన్నమాట. తల్లి పేరూ తండ్రి పేరూ రెండూ చెప్పాక ఇంకా ఆధారాలు అడగడం మర్యాదేనా?

పైగా దాతగారి వాదన గట్టిది. 2008 అక్టోబరులో గ్లిట్‌నిర్, లాండ్స్‌బాంకి, కౌప్‌థింగ్ అనే మూడు పెద్ద బ్యాంకులూ రోజుల తేడాలో కూలాయి. అక్కడి డబ్బు క్రోనా విలువ పాతాళానికి పోయింది. ఆ నవంబరులో, డబ్బు దేశం దాటకుండా ఆంక్షలు పెట్టారు. అవి పూర్తిగా సడలేసరికి 2017 వచ్చింది. ఆ బ్యాంకులు నడిపినవాళ్ళకు పేర్లున్నాయి, ఫొటోలున్నాయి, సంతకాలున్నాయి. పేరున్నవాళ్ళు ముంచారు కాబట్టి పేరు లేనివాడు తేలుస్తాడు. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది?

నాణెం తయారీ పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. అదే తరహా మరో నాణెం లైట్‌కాయిన్, దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉన్నదే. దాన్ని తెచ్చి పేరు మార్చి, మొత్తం 2 కోట్ల 10 లక్షల నాణేలని హద్దు పెట్టారు. అందులో సగం, అంటే 1 కోటి 5 లక్షలు, బయటివాళ్ళు మైనింగ్‌కు, అంటే కంప్యూటర్లతో లెక్కలు కట్టి కొత్త నాణేలు సంపాదించడానికి, దిగకముందే సృష్టించి పక్కన పెట్టారు. ఆ వ్యాపారంలో దీన్ని ప్రీమైన్ అంటారు. ఆ సగాన్ని సుమారు 3 లక్షల 30 వేల జనాభాకు పంచితే తలకు 31.8. లెక్క ఎక్కడా తేడా లేదు. తేడా అంతా తాళంచెవి దగ్గరే: ఆ కోటీ ఐదు లక్షల నాణేలనూ కదిలించే ప్రైవేటు కీ దాతగారి గుప్పిట్లో ఉంది.

దీనికి మందు అప్పటికే ఉంది. మల్టీసిగ్నేచర్ పద్ధతిలో మూడు కీలు చేసి, నోటరీకి ఒకటి, ఆడిటరుకి ఒకటి ఇచ్చి, మూడోది తన దగ్గర ఉంచుకుని, ముగ్గురిలో ఇద్దరు సంతకం పెడితేనే నాణెం కదిలేలా చేయొచ్చు. కానీ నోటరీకీ ఆడిటరుకీ పేర్లుంటాయి. ఉద్యమానికి ఎంత మచ్చ!

"బ్లాక్‌చెయిన్ అనే ఈ బహిరంగ ఖాతా పుస్తకం అద్దంలాంటిది, ప్రతి బదిలీ అందరికీ కనిపిస్తుంది, ఇక మోసమెక్కడ?" అని భక్తులు అడిగారు. నిజమే, 31.8 నాణేలు ఫలానా చిరునామాకు (ఖాతా నంబరు లాంటిది) వెళ్ళాయని ఎవరైనా చూడొచ్చు. ఆ చిరునామా అకురేరి పట్టణంలోని చేపల వ్యాపారిదా, దాతగారి రెండో ఫోనుదా అన్నది మాత్రం అద్దంలో కనపడదు. దాత నిజాయితీపరుడైనా పంపకం అలాగే కనిపిస్తుంది, కాకపోయినా అలాగే కనిపిస్తుంది. అందుకే అనుమానం రుజువూ కాలేదు, తీరనూ లేదు.

గ్రహీత ఎవరో తేల్చడానికి కెన్నితాల అనే జాతీయ గుర్తింపు సంఖ్యను వాడారు. పది అంకెలు: మొదటి ఆరు పుట్టిన తేదీ, నెల, సంవత్సరం. తర్వాత రెండు వరుస అంకెలు. తొమ్మిదోది అప్పట్లో తనిఖీ అంకె. మొదటి ఎనిమిదింటినీ వరుసగా 3, 2, 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడి, 11తో భాగించి, వచ్చిన శేషాన్ని 11లోంచి తీసేస్తే అది వస్తుంది. పదోది శతాబ్దం: 1900ల్లో పుట్టినవారికి 9, 2000ల్లో పుట్టినవారికి 0. చక్కటి ఏర్పాటే, ఒక్క చిక్కు. మనం ఆధార్ నంబరును దాచుకున్నట్టు అక్కడ దీన్ని దాచుకోరు. అది రహస్యం కాదు, పేరు చెప్పడం లాంటిదే. తనిఖీ అంకె టైపింగు తప్పును పట్టుకుంటుందే గానీ దొంగను పట్టుకోదు. అందుకని ఫేస్‌బుక్ ఖాతానూ ఎస్సెమ్మెస్‌నూ కూడా సాక్ష్యానికి పిలిచారు. బ్యాంకులనూ ప్రభుత్వాన్నీ నమ్మొద్దన్న ఉద్యమం చివరికి ప్రభుత్వ నంబరునీ అమెరికా కంపెనీనీ పూచీ అడిగింది!

ఇక ధర. మార్చి మొదటి వారంలో నాణెం 90 డాలర్లు దాటింది. ఆ ధరను, ఇంకా ఎవరికీ పంచని ప్రీమైన్‌తో సహా మొత్తం నాణేలతో గుణించి, విలువ వంద కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉందని ఇలాంటి నాణేల ధరల పట్టికలు చూపించాయి. తన కోడ్‌కు తల్లి అయిన లైట్‌కాయిన్‌నే వెనక్కి నెట్టింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

మార్చి 25న పంపకం మొదలైంది. ఈ నాణేలను కొనీ అమ్మే ఎక్స్‌ఛేంజిలో ఏం జరుగుతుందో చిన్న లెక్క వేసుకుందాం. 12 డాలర్ల దగ్గర 200 నాణేలకు, 11.50 దగ్గర 500 నాణేలకు కొనేవాళ్ళు వరుసలో ఉన్నారనుకోండి. ఊరికే వచ్చిన 31.8ని అమ్ముకోవడానికి 22 మంది వస్తే చాలు, రెండు మెట్లూ దాదాపు ఊడ్చుకుపోతాయి. ఇరవై మూడోవాడు ఇంకా కిందికి దిగాల్సిందే. వచ్చింది వేలల్లో. ధర ఒక్క రోజులోనే దాదాపు సగానికి పడింది. ఖర్చు పెట్టడానికి అంగడి లేని నాణేన్ని అమ్మడం తప్ప ఏం చేస్తారని అడక్కండి, దేశభక్తి ఉంటే దాచుకుంటారు.

పార్లమెంటు ఆర్థిక వ్యవహారాల కమిటీ అప్పటి అధ్యక్షుడు ఫ్రోస్తి సిగుర్యోన్సన్ ముందే బహిరంగంగా హెచ్చరించారు. ఆయనకు పేరుంది, పదవి ఉంది, జనం ఓటేశారు. అలాంటివాడి మాట ఎలా నమ్మడం?

మొదటి విడతలో జనాభాలో పదో వంతుకు కాస్త పైన మాత్రమే వచ్చి తీసుకున్నారు. దాంతో రెండో విడతలో తలకు 318, మూడో విడతలో 636 చేశారు. వాటా పెంచేకొద్దీ వచ్చేవాళ్ళు తగ్గారు. ఈలోగా స్పెయిన్‌కాయిన్ లాంటి పేర్లతో దేశానికో నాణెం బయల్దేరింది.

2015లో పంపకం ముగిశాక మిగిలిన నాణేలను కాల్చేశారు. కాల్చడమంటే అగ్గిపుల్ల గీయడం కాదు, ఎవరి దగ్గరా ప్రైవేటు కీ లేని చిరునామాకు పంపేయడం. మామూలుగా ముందు కీ పుడుతుంది, దాని నుంచి చిరునామా వస్తుంది. ఇక్కడ చిరునామాను చేత్తో రాస్తారు, దానికి సరిపడే కీని వెతకడం ఏ కంప్యూటరు వల్లా కాదు. ఆ చిరునామా కూడా దాతగారిదేనేమో అని గొణిగేవాళ్ళు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. అక్కడ నిజంగానే ఎవరూ లేరు.