జరిమానా కట్టేశాక కూడా వదలని కేసు

సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర పట్టుబడిన కుర్రాడిని కోర్టులో నిలబెడతారు. ‘ఒప్పేసుకో, ఫైన్ కట్టేస్తే ఇవాళే అయిపోతుంది’ అంటారు పక్కనున్నవాళ్లు. కట్టేసి ఇంటికొస్తాడు. అది శిక్ష కిందే లెక్క అని అతనికి తెలిసేది, కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికై అటెస్టేషన్ ఫారం నింపేటప్పుడు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కోర్టు జరిమానా వేసిందా అని అందులో ఉంటుంది. అవునని రాస్తే ఉద్యోగం దక్కుతుందో లేదో తెలియదు. లేదని రాస్తే నిజం దాచాడంటూ తీసేయొచ్చు.

చాలామందికి తెలియని తేడా ఒకటుంది. రాజీకి వీలున్న కేసులో ఇరుపక్షాలూ రాజీపడితే చట్టం దాన్ని నిర్దోషిగా విడుదల చేసినట్టే చూస్తుంది. నేరం ఒప్పుకొని వంద రూపాయలు కట్టినా అది శిక్షే. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్, శిక్ష వల్ల వచ్చే అనర్హతను తొలగిస్తుంది. కానీ మందలింపుతోనో, సత్ప్రవర్తన బాండుపైనో వదిలిపెట్టిన వారికే ఆ రక్షణ. జరిమానా కట్టినవాడికి లేదు. త్వరగా వదిలించుకుందామని ఒప్పుకున్నవాడే ఎక్కువ నష్టపోవడం అన్యాయం.

పిల్లల విషయంలో మన చట్టం ఎంతో నయం. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, కొన్ని తీవ్రమైన కేసులు మినహా, గడువు తీరాక రికార్డులనే నాశనం చేయాలి. పద్దెనిమిది దాటిన మర్నాడు చేసిన చిన్న తప్పుకు అలాంటి దారే లేదు. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు, చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప కేసులను దాచినా యజమాని ఉపేక్షించవచ్చని చెప్పింది. అయితే ఆ విచక్షణ యజమానిదే. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కొన్ని చిన్న నేరాలకు సమాజ సేవను శిక్షగా తెచ్చింది. మంచిదే, కానీ అదీ శిక్షగానే నమోదవుతుంది.

బ్రిటన్‌లో 1974 నుంచే ఇందుకు చట్టం ఉంది. పెద్దలకు పడిన జరిమానా ఏడాది గడిచాక, పోలీసు వంటి కొన్ని కొలువులకు తప్ప, చెప్పనక్కర్లేదు. మనకూ అలాంటి చట్టం కావాలి. మహిళలు, పిల్లలపై నేరాలనూ, మళ్లీ మళ్లీ నేరం చేసేవారినీ అందులోంచి మినహాయించాలి. దరఖాస్తు పెట్టుకుంటేనే తుడుస్తామంటే మాత్రం లాయరు ఫీజు ఇచ్చుకోగలిగినవారికే అది దక్కుతుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా 2018లో తెచ్చిన చట్టంలో అర్హమైన పాత చిన్న కేసుల రికార్డులకు, బయటివారికి కనబడకుండా, ఎవరూ అడగకుండానే సీలు పడుతుంది. మన పెట్టీ కేసులకూ అదే పద్ధతి పెట్టాలి.