చెప్పకుండా పోయిందంటారు, అననీండి

మన నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో అర్ధరాత్రి దెబ్బలు తిని కట్టుబట్టల్తో పుట్టింటికి పరిగెత్తుకొచ్చిన ఆడమనిషంటే అందరికీ జాలే. అదే మనిషి ముందునుంచే కాగితాలు సర్దుకొని, నాలుగు డబ్బులు పక్కన పెట్టుకొని, పిల్లల చదువు సంగతి చూసుకొని పోయిందనుకోండి, 'ఎంత ప్లాన్ వేసిందో చూడు' అంటారు. నన్నడిగితే ఆమే తెలివైంది, ఎందుకంటే చేతిలో ఏమీ లేకుండా వచ్చినామెని పెద్దమనుషులు కూర్చోబెట్టి 'ఈసారికి సర్దుకోమ్మా' అంటే మళ్ళీ అదే ఇంటికి పోక ఏం చేస్తది.

పైగా పెళ్ళాం పోబోతోందని తెలిసినప్పుడూ, పోయిన కొత్తల్లోనూ మొగుడు ఇంకా రెచ్చిపోతాడు, ప్రాణం మీదికొచ్చేది ఎక్కువగా అప్పుడే. అందుకే 'నేను పోతా' అని బెదిరించడం, పంచాయతీ పెట్టి ముందే చెప్పడం రెండూ డేంజరే.

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడోళ్ళకి ఫ్రీ కాబట్టి కనిగిరి నుంచి ఒంగోలుకి రూపాయి లేకపోయినా రావచ్చు, కానీ కండక్టర్ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించమంటాడు, అదేమో అత్తగారి బీరువాలో ఉంటది! కాబట్టి ముందు బయటికి రావాల్సింది ఆధార్, బ్యాంకు పుస్తకం, బంగారం కుదువ పెట్టిన రసీదు, దెబ్బలకి చూపించుకున్న ఆసుపత్రి చీటీలు, ఒక్కోటిగా నమ్మకమైన ఇంట్లో పెట్టుకోవాలి. ఫోన్ ఇంకా తలనొప్పి. జీమెయిల్ ఆయనే పెట్టించుంటే లొకేషన్ తెలిసిపోతది, బ్యాంకుకి ఆయన నంబరే ఇచ్చుంటే డబ్బు తీయగానే మెసేజ్ ఆయనకే పోతది. అలాగని ఒక్కసారిగా అన్నీ మార్చినా అనుమానమొస్తది, అందుకే మహిళా హెల్ప్‌లైన్ 181కి చేసేదైనా డ్వాక్రా గ్రూపులో నమ్మకమున్న ఆమె ఫోన్ నుంచి చేయడం నయం.

1992లో సారా మీద తిరగబడిన దూబగుంట మన నెల్లూరు జిల్లాదే. అంత పేరున్న చోట కూడా ఒక్క ఇంట్లో కొడుతుంటే 'వాళ్ళ సంసారం మనకెందుకు' అంటారు, 'తాగడు కదా, మంచోడే' అనేవాళ్ళూ ఉన్నారు (తాగకుండా కొట్టేవాళ్ళు లేరా?).

2005 గృహహింస చట్టం కింద కేసు అత్తగారి ఊళ్ళోనే వేయాలని లేదు, ఆమె తాత్కాలికంగా తలదాచుకున్న చోట కూడా వేయొచ్చు, అంటే కనిగిరి కోడలు కావలి కోర్టుకి పోవచ్చు. దగ్గరికి రావద్దని కోర్టు ఆర్డర్ ఇచ్చాక మీరితే ఏడాది దాకా జైలు. కోర్టు లేట్లు మామూలే, అది వేరే కథ. లాయర్ని న్యాయసేవాధికార సంస్థ ఫ్రీగా ఇస్తది, ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేదు, నంబర్ 15100. నెల్లూరు, ఒంగోలుల్లో సఖి సెంటర్లున్నాయి, అంటే హింసకి గురైన ఆడోళ్ళకి సాయం ఒకేచోట దొరికే గవర్నమెంట్ కేంద్రాలు.

మొగుడు మొదట వెతుక్కుంటూ వచ్చేది పుట్టింటికే, కాబట్టి మొదటి కొన్నాళ్ళు ఆయనకి తెలియని చోట ఉండటమే మేలు. పిల్లల టీసీ కోసం పాత స్కూలుకి పోతే ఆచూకీ తెలిసిపోతదని చాలామంది చదువే మాన్పించేస్తారు, అవసరం లేదు, విద్యాహక్కు చట్టం ప్రకారం 8వ తరగతి దాకా గవర్నమెంట్ స్కూల్లో టీసీ రాలేదని అడ్మిషన్ ఆపకూడదు.